ఆ స్లైడు పారేయకు బుజ్జీ

భీమవరం,
ఆదివారం రాత్రి

చిరంజీవి బుజ్జికి అమ్మ ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ నాన్నగారూ నేనూ క్షేమం. నిన్న ఫోనులో నువ్వు ఏడుస్తుంటే ఏం చెప్పాలో తోచక "పోనీలేమ్మా, అందరికీ జరిగేదే" అనేసి పెట్టేశాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. అలా అనకుండా ఉండాల్సింది. జరిగింది పోనీలే అనుకునే సంగతి కాదు. అలాగని, ఈ ఉద్యోగానికి నేను పనికిరానేమో అని నువ్వన్నావు చూడు, అంతటిదీ కాదు. ఫోనులో నా నోటికి రానిది కాగితం మీద పెడదామని కూర్చున్నాను.

నాకు అర్థమైనంతవరకు మీ ల్యాబులో జరిగింది ఇది. జ్వరంతో వచ్చినాయన ఊదా మూత ట్యూబు మిషన్లో పెట్టావు. నెత్తురు ఆపే చిన్న కణాలు, ప్లేట్‌లెట్లు, 22 వేలేనని వచ్చింది, అంటే మరీ తక్కువ. డెంగీ రోజులు కదా, నీకు అనుమానం రాలేదు, రిపోర్టు పంపేశావు. వాళ్ల వాళ్లు దాతల కోసం పరుగులు పెట్టారు. సాయంత్రం మీ మేడమ్‌గారు స్మియర్, అదే స్లైడు మీద పల్చగా పరిచిన రక్తం, చూస్తే దాని తోక దగ్గర ప్లేట్‌లెట్లు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. లేత నీలం మూత ట్యూబులో మళ్లీ తీయిస్తే లక్షా 90 వేలు. రక్తం గడ్డకట్టకుండా అందులో ముందే సిట్రేటు ద్రవం ఉంటుంది, ఆ మేరకు రక్తం పలచనవుతుంది కాబట్టి 1.1తో గుణిస్తే 2 లక్షల 9 వేలు. ఆయనకి ప్లేట్‌లెట్లు తగ్గనేలేదు. ఊదా మూత ట్యూబులో గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ అనే రసాయనానికి కొందరి రక్తం అలా గుత్తులు కడుతుంది, వెయ్యిమందిలో ఒకరికి అటూ ఇటూగా. మిషను ఒక్కో కణాన్నీ లెక్కపెడుతుంది కానీ గుత్తిని విప్పి చూడలేదు.

మంచివేళ ఆయనకి ఏమీ ఎక్కించకముందే తెలిసింది. నువ్వు భయపడింది అందుకేనని నాకు తెలుసు. భయపడటం మంచిదే.

ఇన్నేళ్లలో నీకు చెప్పని నా సంగతి ఒకటి చెప్తాను. నేను ల్యాబు పనిలో చేరిన కొత్తల్లో మిషన్లు లేవు. ఒక శాతం అమ్మోనియం ఆక్సలేట్ ద్రవంలో రక్తాన్ని 20 వంతులకి పలచన చేసి, కణాలు లెక్కపెట్టే గళ్ల గాజు పలక, న్యూబావర్ ఛాంబర్‌లో పోసి, తడి దూది పెట్టిన పెట్రీ డిష్‌లో మూతవేసి పావుగంట ఆగేవాళ్లం. కణాలు అడుక్కి దిగాలి, ఛాంబరు ఆరిపోకూడదు. ఆ ద్రవంలో ఎర్ర కణాలు పగిలి మాయమైపోతాయి. మైక్రోస్కోపు కింద ఉండే కండెన్సరు దించి వెలుతురు తగ్గిస్తే ప్లేట్‌లెట్లు మిలమిలలాడే చుక్కల్లా కనిపిస్తాయి. దుమ్ము కూడా అచ్చం అలాగే మిలమిలలాడుతుంది. ఒకరోజు పని వత్తిడిలో ద్రవాన్ని వడగట్టకుండా వాడి, ఒక పిల్లాడికి 90 వేలని రాసిచ్చాను. ఆ పిల్లాడికి చిగుళ్ల నుంచి నెత్తురు కారుతోంది, కాళ్ల నిండా ఎర్రటి చుక్కలు. ఈ లెక్కకీ ఆ పిల్లాడికీ పొంతన లేదు, మళ్లీ చూడమని డాక్టరుగారు కబురు పెట్టారు. వడగట్టి చూస్తే 30 వేలు కూడా లేవు. నేను లెక్కపెట్టిన మిగతా 60 వేలూ సీసా అడుగున పేరుకున్న మట్టి. ఆ కాగితం చించేసి కొత్తది రాస్తుంటే నా చెయ్యి వణికింది, ఇప్పటికీ గుర్తుంది.

నువ్వు ఉన్నవాటిని చూడలేదు, నేను లేనివాటిని చూశాను. ప్లేట్‌లెట్ల విషయంలో ప్రపంచంలోని గొప్ప గొప్ప కళ్లన్నీ ఈ రెండు పొరపాట్లూ చేశాయి. అదీ ఒకరోజూ రెండురోజులూ కాదు. రిటైరయ్యాక తీరిక దొరికి ఆ పాత కథంతా చదివాను. నీకు చెప్పాలని ఎప్పటినుంచో ఉంది.

ఎర్ర కణాలని లీవెన్‌హుక్ 1674లోనే చూశాడు. డెల్ఫ్ట్ ఊళ్లో బట్టల వ్యాపారి ఆయన, భూతద్దాలు తనే అరగదీసుకునేవాడు. ప్లేట్‌లెట్లని గురించి రాయడానికి మాత్రం ఆ తర్వాత దాదాపు 170 ఏళ్లు పట్టింది. రంగులేదు, ఎర్ర కణం ఏడెనిమిది మైక్రాన్లుంటే ఇది రెండో మూడో. కానీ చిన్నదవటం ఒక్కటే కారణం కాదు. రక్తం నాళంలోంచి బయటికొచ్చిన మరుక్షణం ఇవి మారిపోతాయి. గుండ్రటి బిళ్ల కాస్తా ముళ్లు లేపుతుంది, పక్కదాన్ని పట్టుకుంటుంది, నిమిషాల్లో ముద్దవుతుంది. నువ్వు స్లైడు మీద చుక్క పరిచి, కళ్లు సర్దుకుని చూసేసరికి అక్కడ ఉన్నది ప్లేట్‌లెట్ కాదు, అది చేసేసిన పని. అందుకే చూసినవాళ్లు కూడా ఏదో చెత్త అనుకుని వదిలేశారు. 1842లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ డొన్నే అనే డాక్టరు ఈ చిన్న బిందువుల గురించి రాస్తూ, తిన్న తిండిలోని కొవ్వు రక్తంలో కలిసి ఇలా వచ్చిందనుకున్నాడు.

1865లో బాన్ నగరంలో మాక్స్ షుల్ట్జ్ మైక్రోస్కోపు బల్లని ఒంటి వేడికి వెచ్చబెట్టే ఏర్పాటు చేసుకుని, తెల్ల కణాల కదలికలు చూస్తూ కూర్చున్నాడు. ఆ వేడిలో కణాలు అంత త్వరగా చావవు. ఆయనకి చిన్న చిన్న రంగులేని గోళీలు, వాటి గుత్తులు పదే పదే కనిపించాయి. ఇవి జబ్బువాళ్ల రక్తంలోనే కాదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ మామూలుగా ఉండేవేనని రాశాడు. వీటి సంగతేమిటో నాకు తేలలేదు, రక్తాన్ని లోతుగా చదివేవాళ్లు చూడండి అనే అర్థంలో వాళ్లకి అప్పగించాడు. తనకి తేలనిదాన్ని పారేయకుండా అచ్చులో పెట్టి పోయాడు చూడు, ఆ మనిషి మీద నాకు చాలా గౌరవం.

ఎనిమిదేళ్ల తర్వాత లండన్‌లో దాన్ని అందుకున్నవాడికి అప్పటికి పాతికేళ్లు కూడా పూర్తిగా లేవు, నీ ఈడువాడే. కెనడా నుంచి చదువుకోవడానికి వచ్చిన విలియం ఆస్లర్. తర్వాతి రోజుల్లో ప్రపంచంలోకెల్లా పేరున్న వైద్య గురువు అయ్యాడుగానీ 1873లో యూనివర్సిటీ కాలేజీ ప్రయోగశాలలో ఒక విద్యార్థి. బయటికి తీసిన రక్తంలో షుల్ట్జ్ చెప్పిన గుత్తులే కనిపించాయి. అప్పుడతనికి వచ్చిన ప్రశ్న వినటానికి చిన్నదే: ఒంట్లో ఉన్నప్పుడు కూడా ఇవి గుత్తులుగానే ఉంటాయా? ఉంటే, అంతంత ముద్దలు సన్నటి కేశనాళికల్లో ఎలా పడతాయి? చిన్న ఎలుక చర్మం కింది పొరని తీసి, దాని నాళంలో ఉన్న రక్తాన్ని ఉన్నచోటే చూశాడు. అక్కడ గుత్తులు లేవు. బిళ్లలు దేనికదే విడివిడిగా ఉన్నాయి. నాళం తెగి బయటపడితేనే ముద్దకడుతున్నాయి.

బుజ్జీ, మీ మేడమ్‌గారు లేత నీలం మూత ట్యూబులో మళ్లీ తీయించినప్పుడు ఆవిడ మనసులో మెదిలిన ప్రశ్న ఇదే. గుత్తి కట్టింది మనిషిలోనా, ట్యూబులోనా?

ఆస్లర్ కూడా అన్నీ సరిగ్గా చెప్పలేదు. వేడి తగిలించి ఉంచితే ఆ ముద్దల అంచుల్లోంచి ముళ్లు పుట్టుకొచ్చి కదిలేసరికి, ఇవి వేరే ఏవో జీవులేమోనని అనుమానపడ్డాడు. 1874లో అచ్చయిన వ్యాసం శీర్షికలోనే వాటిని జీవులని రాశాడు. సూక్ష్మజీవుల మాట అందరి నోళ్లలో నానుతున్న కాలం, అతని తప్పేమీ లేదు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన మనిషి దగ్గరికి వస్తున్నాను. ఇటలీలో టురిన్ విశ్వవిద్యాలయంలో జూలియో బిడ్జోజెరో. ఇరవై ఏళ్లకే డాక్టరు పట్టా పుచ్చుకున్నవాడు. రక్తకణాలు తయారయ్యేది ఎముకల మూలుగలో అని 1868లో చెప్పినవాళ్లలో ఒకడు. 1881, 82లలో ఆయన చేసిన పని చూస్తే, దీనికి ఇంత సూటి మార్గం ఉండగా ఇన్నేళ్లు ఎవరికీ ఎందుకు తట్టలేదనిపిస్తుంది. కుందేలుకో గినీపిగ్‌కో మత్తిచ్చి, పేగుల్ని పట్టి ఉంచే పల్చటి పొర ఉంటుంది కదా, దాన్ని బయటికి లాగి మైక్రోస్కోపు కింద పరిచాడు. గుండె కొట్టుకుంటోంది, ఆ పొరలోని నాళాల్లో రక్తం పారుతోంది. ప్రవాహం నెమ్మదించినచోట ఎర్ర కణాల మధ్య, తెల్ల కణాల పక్కన, మూడో రకం బిళ్లలు విడివిడిగా పోతున్నాయి. బతికున్న రక్తంలో, వాటి చోట్లో. చచ్చిన తెల్ల కణాల తునకలనీ, రక్తం చల్లారితే పేరుకునే మడ్డి అనీ వాదించేవాళ్లకి ఇంతకన్నా జవాబు ఏముంటుంది?

అప్పుడు ఆ నాళాన్ని గాయపరిచాడు. గోడ దెబ్బతిన్నచోట ముందుగా వచ్చి అతుక్కున్నది ఆ బిళ్లలే. ఒకటి ఆగింది, దానికి ఇంకోటి, చూస్తుండగానే తెల్లటి దిబ్బ. తెల్ల కణాలు తర్వాత వచ్చి చిక్కుకున్నాయి. అప్పటిదాకా ఆ తెల్ల గడ్డ తెల్ల కణాలతో కట్టిందనే చాలామంది నమ్మకం. ఇంకో పరీక్ష మన ల్యాబులో కూడా చేయొచ్చు: రక్తాన్ని దారాలతో చిలికి, దారం బయటికి తీసి ఉప్పునీటిలో కడిగి, మిథైల్ వయొలెట్ అనే రంగు వేసి చూశాడు. దారం పొడుగునా ఈ బిళ్లలే పూసుకుని ఉన్నాయి. ఒళ్లు కానిది ఏది తగిలినా, దారమైనా గాజైనా, వీటికి గాయమే. వీటికి ఇటాలియన్‌లో 'పియాస్త్రినె' అని పేరు పెట్టాడు, జర్మన్‌లో చిన్న రక్తపు పలకలనే అర్థం వచ్చే పేరు. మనం ప్లేట్‌లెట్ అంటున్నది ఆ మాటకి ఇంగ్లీషే. తెలుగు పుస్తకాల్లో రక్తఫలకికలు.

కత్తిపీట మీద బెండకాయలు తరుగుతూ మొన్న వేలు కోసుకున్నాను. మీ అమ్మమ్మ అయితే పెరట్లోకి పరుగెత్తి గడ్డిచేమంతి ఆకు నలిపి పిండేది. నేను వేలు నొక్కిపట్టుకుని నిలబడ్డాను, రెండు మూడు నిమిషాల్లో ఆగింది. ఆ కాసేపూ నా కళ్లముందు కనిపించింది ఆ గినీపిగ్ పొరే.

అప్పట్లో అందరూ ఒప్పుకోలేదు. పారిస్‌లో జార్జ్ హాయెమ్ అనే పెద్ద డాక్టరు 1878 నుంచే వీటిని చూస్తున్నాడు, లెక్కకూడా కట్టాడు. కానీ అవి ఎదిగి ఎర్ర కణాలవుతాయని నమ్మి, ఆ అర్థం వచ్చేలా హెమటోబ్లాస్టులని పేరు పెట్టాడు. ఆ నమ్మకాన్ని ఆయన వదల్లేదు. ఇటు బిడ్జోజెరోకీ ఒకటి చిక్కలేదు. 1869లో మూలుగలో రాక్షసి కణాలని, అవే మన మెగాకేరియోసైట్లు, వర్ణించినవాళ్లలో ఆయన ఉన్నాడు. పన్నెండేళ్ల తర్వాత ప్లేట్‌లెట్లనీ ఆయనే చూశాడు. అవి వీటి బిడ్డలని మాత్రం తెలియలేదు. తల్లినీ పిల్లల్నీ విడివిడిగా ఎరిగి చుట్టరికం తెలియకుండా 1901లో పోయాడు. అప్పటికి చాలాకాలంగా కంటి జబ్బు, మైక్రోస్కోపులో చూడలేకపోయేవాడు. ఆ చోటు చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

చుట్టరికం తేల్చింది బాస్టన్‌లో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్లోని జేమ్స్ హోమర్ రైట్, 1906లో. తేల్చింది రంగుతో. కణాలకి రంగెక్కించడానికి మనం వాడే లీష్‌మన్ స్టెయిన్ లాంటిదే ఆయన చేసుకున్న రైట్ స్టెయిన్, రెండూ ఒకే కుటుంబం. ప్లేట్‌లెట్ల లోపలి రవ్వలు ఏ ఊదా ఎరుపుకి తిరుగుతాయో, మూలుగలోని రాక్షసి కణం ఒంట్లో రవ్వలూ సరిగ్గా అదే రంగుకి తిరిగాయి. ఆ కణం చేతులు చాపి వాటిని రక్తనాళంలోకి పెడుతోంది, అక్కడ తునిగి పోతున్నాయి, అవే ప్లేట్‌లెట్లు. ఇప్పటి లెక్కల్లో మనిషి ఒంట్లో రోజుకి సుమారు పదివేల కోట్లు ఇలా పుడతాయి. ఒక్కోదాని ఆయుష్షు వారం, పదిరోజులు. నువ్వు స్టెయిన్ వేసి నీళ్లకింద కడిగేటప్పుడు బఫరు ద్రవం సరిగ్గా లేకపోతే ఆ ఊదా రాదు, నీకు తెలుసుగా. ఆ రంగు రాకపోతే ఆ చుట్టరికం ఇంకెన్నాళ్లకి తేలేదో.

గడ్డకట్టడంలో ద్రవం వైపు కథ ఇంకోటి ఉంది, అది దీనికన్నా పాతది. లండన్‌లో విలియం హ్యూసన్ 1770ల నాటికే తేల్చాడు, గడ్డకట్టేది ఎర్ర కణాలు కాదు, పైన తేలే తేట అని. ఉప్పు కలిపి గడ్డకట్టకుండా ఆపి, ఎర్రది అడుక్కి దిగాక తేట వంచుకుని, దాంట్లో నీళ్లు పోస్తే ఆ తేటే గడ్డకట్టింది. శవపరీక్షలో చేతికి గాయమై, అది విషమించి 1774లో 34 ఏళ్లకే పోయాడు. గ్లవ్స్ వేసుకోకుండా ట్యూబులు పట్టుకోవద్దని నేను సాధించేది ఇందుకే. తర్వాత డోర్పాట్‌లో (ఇప్పటి ఎస్టోనియాలోని టార్టు) అలెగ్జాండర్ ష్మిట్, స్వీడన్‌లోని ఉప్సాలాలో హామర్‌స్టెన్ కలిసి కాకపోయినా ఒకరి వెనక ఒకరు, గడ్డకి పోగుల్లా అల్లుకునే ఫైబ్రిన్ ఎలా తయారవుతుందో విప్పారు. 1890లో ఫ్రాన్స్‌లో ఆర్తుస్, పాజెస్ చేసిన పని మాత్రం నీ చేతిలో రోజూ ఉంటుంది. రక్తంలో ఆక్సలేట్ కలిపితే గడ్డకట్టలేదు, కాల్షియం తిరిగి కలిపితే కట్టింది. అంటే కాల్షియం లేనిదే గడ్డ లేదు. ఊదా మూతలో ఈడీటీఏ, నీలం మూతలో సిట్రేటు, నా కాలపు ఆక్సలేట్, అన్నీ చేసేది కాల్షియాన్ని పట్టుకుని కూర్చోవడమే. ఈడీటీఏ పట్టు మరీ గట్టిది. అంత గట్టిగా లాగితే ప్లేట్‌లెట్ ఒంటిమీది ప్రొటీను రూపు మారుతుంది, ఆ మారిన రూపుని కొందరి రక్తంలోని యాంటీబాడీలు పట్టుకుంటాయి, గుత్తి. మీ పేషెంటు సంగతి అదే. ఆయన తప్పూ కాదు, జబ్బూ కాదు. ఇకముందు ఎక్కడ రక్తం తీయించుకున్నా ఈ మాట చెప్పమని ఆయనకి కాగితం రాసిచ్చారా? లేకపోతే రేపే ఇప్పించు. నీ పొరపాటుకి నువ్వు చేయగలిగిన మంచి పని అది.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. ప్లేట్‌లెట్లు ఎక్కించడం అనే మాటకి మొదలు 1910లో ఉంది. రైట్ దగ్గర పనిచేసిన విలియం డ్యూక్, నెత్తురు ఆగని రోగులకి దాత రక్తాన్ని నేరుగా ఎక్కించి ప్లేట్‌లెట్ల లెక్క చూశాడు. లెక్క పెరిగింది, రక్తస్రావం ఆగింది. కొన్ని రోజులకి లెక్క పడింది, మళ్లీ మొదలైంది. ఎక్కించినవి ఎక్కువకాలం ఉండవని అప్పుడే కనబడింది. ఆయన పేరు నీకు తెలుసు, నెత్తురు ఆగడానికి ఎంతసేపు పడుతుందో చూసే బ్లీడింగ్ టైమ్ పరీక్షలో డ్యూక్ పద్ధతి ఆయనదే. చెవి తమ్మెకి చిన్నగా పొడిచి, అర నిమిషానికోసారి ఫిల్టర్ పేపరు అద్ది, మచ్చ పడకుండా ఎప్పుడు ఆగుతుందో చూడటం. ఆపరేషన్‌కి ముందు బీటీ, సీటీ (బ్లీడింగ్ టైమ్, క్లాటింగ్ టైమ్) అని రాసిన ప్రతి చీటీకీ నేను అదే చేసేదాన్ని. ఆ పేపరు మీద మచ్చలు పెద్దది, చిన్నది, ఇంకా చిన్నది, చివరికి ఏమీ లేదు. చంద్రుడు తగ్గినట్టు తగ్గేవి. నువ్వు చిన్నప్పుడు నా బల్ల కింద కూర్చుని ఆ పేపర్లు ఏరుకునేదానివి, చేతులు కడిగించలేక చచ్చేదాన్ని.

సరే, ఇప్పుడు నువ్వు చేయాల్సింది. రేపు పని తెమిలాక నీ వేలే గుచ్చుకో. మొదటి చుక్క తుడిచేసి, రెండో చుక్కని వెంటనే స్మియర్ చెయ్యి. మూడో చుక్కని స్లైడు మీద రెండు నిమిషాలు వదిలేసి తర్వాత లాగు. రెండూ స్టెయిన్ చేసి, నూనె చుక్క వేసి చూసే పెద్ద లెన్సు, ఆయిల్ ఇమ్మర్షన్‌లో పక్కపక్కన చూడు. తోక చివరిదాకా వెళ్లు, మధ్యలో ఆపకు. ఏం కనిపించిందో నాకు ఫోను చెయ్యి, ఎంత రాత్రయినా ఫర్వాలేదు.

మీ మేడమ్‌గారు చూసిన ఆ స్లైడు మాత్రం పారేయకు. నూనె మెత్తగా తుడిచి, కాగితంలో చుట్టి, దసరాకి వచ్చేటప్పుడు తీసుకురా. పేరూ నంబరూ ఉన్న లేబులు గీకేసి తే. నా పాత మైక్రోస్కోపు అద్దం శుభ్రం చేసి పెడతాను. నలభై ఏళ్లలో అలాంటి గుత్తులు నేను రెండుసార్లే చూశాను.

నాన్నగారు సున్నుండలు పంపమంటున్నారు. మినుములు ఎండలో పోశాను.

ప్రేమతో,
అమ్మ